మ్యూజియంలలో ఆగ్మెంటెడ్ రియాలిటీ

ఫోన్ కెమెరాలో కనిపిస్తున్న వస్తువు మీదికి కంప్యూటర్ తయారుచేసిన బొమ్మ, కదలిక, మాట అప్పటికప్పుడు వచ్చి చేరే పద్ధతిని ఆగ్మెంటెడ్ రియాలిటీ, క్లుప్తంగా ఏఆర్ అంటారు. వర్చువల్ రియాలిటీ కళ్లజోడు పెట్టుకుంటే చుట్టూ ఉన్న గది మాయమవుతుంది. ఏఆర్‌లో గది, అద్దాల పెట్టె, పక్కనున్న మనుషులు అలాగే ఉంటారు. ఇప్పుడు అక్కడ లేనిది ఒకటి అదనంగా కనిపిస్తుంది.

బోయింగ్ పరిశోధకుడు టామ్ కాడెల్ 1990 ప్రాంతంలో ఈ పేరు పెట్టారు. అప్పట్లో ఇది విమానాల్లో వైర్లు అమర్చేవారి కోసం. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక మ్యూజియంలు అందుకున్నాయి. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సహజ చరిత్ర మ్యూజియం 2015లో తెచ్చిన ‘స్కిన్ అండ్ బోన్స్’ యాప్‌లో అస్థిపంజరాలకు కండ, చర్మం వచ్చి అవి కదులుతాయి. 2017లో డెట్రాయిట్ కళా మ్యూజియం మమ్మీ లోపలి ఎముకలను కట్టు విప్పకుండానే చూపించింది.

యాప్ వస్తువు అంచులను, మచ్చలను కెమెరాతో గుర్తుపడుతుంది. ఫోన్ ఎటు తిరిగిందో అందులోని సెన్సర్లు చెబుతాయి. ఈ రెండూ కలిస్తేనే బొమ్మ జారకుండా నిలుస్తుంది. మసక వెలుతురు, అద్దం మీది మెరుపు దీనికి పెద్ద శత్రువులు. శిల్పం పక్కన క్యూఆర్ కోడ్ అంటించి వివరణ వినిపించడం మంచి పనే కానీ, అది ఏఆర్ కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో చెప్పుకోదగ్గది విజయవాడ బాపు మ్యూజియం. 1887లో శంకుస్థాపన జరిగిన పాత విక్టోరియా జూబిలీ మ్యూజియమే ఇది. 2020 అక్టోబరులో డిజిటల్ తెరలు, ఏఆర్ ప్రదర్శనలతో మళ్లీ తెరిచారు. అయితే ఏఆర్ అవసరం అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది అమరావతి స్తూపానికి. దాని పలకలు లండన్‌లో కొన్ని, చెన్నై ఎగ్మోర్‌లో కొన్ని, అమరావతిలో కొన్ని ఉన్నాయి. వాటన్నిటినీ ఒకచోట చేర్చి చూడాలంటే ఇప్పటికి తెర మీదే సాధ్యం.

గోదావరి డెల్టాలో ఏఆర్‌కు తగిన చోటు ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియం. ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన గోదావరి ఆనకట్టకు సంబంధించిన నమూనాలు, ఫొటోలు, పాత యంత్రాలు అక్కడున్నాయి. పాత ఆనకట్ట పని ఇప్పుడు 175 గేట్ల బ్యారేజి చేస్తోంది. లంకల మధ్య నాలుగు పాయలను నాలుగు ముక్కలుగా ఎలా అడ్డగించారో, ఆత్రేయపురం మండలంలోని బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలువలోకి నీరెలా ఎక్కుతుందో నమూనా మీద ఏఆర్‌లో నీళ్లు పారించి చూపితే పిల్లలకు రెండు నిమిషాల్లో తెలుస్తుంది. గోడ మీది మ్యాపుతో అంత సులువు కాదు.

ఆత్రేయపురం పూతరేకులది వేరే చిక్కు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ మిఠాయిలో విశేషమంతా చేతి పనిలోనే ఉంది. బోర్లించిన వేడి కుండ మీద, పలుచటి బియ్యప్పిండిలో తడిపిన గుడ్డను ఒక్కసారి లాగితే రేకు లేస్తుంది. కుండను అద్దాల పెట్టెలో పెట్టవచ్చు, ఆ లాగడాన్ని పెట్టలేం. కుండకెదురుగా ఫోన్ పట్టుకుంటే ఆ చేయి కనిపించేలా చేయవచ్చు. అందుకు ముందుగా మంట ఎంతుండాలో, పిండి ఎంత జారుగా ఉండాలో రేకులు తీసే ఆడవాళ్ల మాటల్లోనే రికార్డు చేసి, వాళ్ల చేతులను నాలుగు వైపుల నుంచీ చిత్రీకరించి పెట్టుకోవాలి.