లంక: నీటికీ నేలకూ నడుమ

నిఘంటువులు 'లంక'కు ద్వీపమనే అర్థం చెబుతాయి. కృష్ణా డెల్టా వాడుకను పరిశీలిస్తే ఆ అర్థం చాలదని తెలుస్తుంది. 'ద్వీపం'లో 'ద్వి', 'అప్' అనే రెండంశాలున్నాయి. ఇరువైపులా నీరు గలదని వ్యుత్పత్తి. దాని తద్భవం దీవి. పులిగడ్డ దిగువన కృష్ణ పాయలుగా చీలి సముద్రాన్ని చేరే చోటనున్న దివిసీమ పేరూ ఈ కుదురులోదే. 13వ శతాబ్ది ఆరంభంలో కాకతి గణపతిదేవుడు దివిని జయించి, అక్కడి అయ్య వంశీయుడైన జాయపను తన కొలువులో చేర్చుకొని గజసాహిణిని చేశాడు. అంటే దివి ఒక రాజ్యానికి పేరు కాగలిగింది.

లంకకు అంతటి స్థిరత్వం లేదు. ఒక వరద తెచ్చిన ఒండ్రు మేటవేసి లంకను నిలుపుతుంది. మరొక వరద కోసుకుపోతుంది. నీరు తీస్తే పొలం, నీరు వస్తే ఏరు. కాబట్టి లంక స్థలవాచకమే కాదు, కొంతవరకు కాలవాచకం కూడా. కొల్లేటి లంకలకూ నీటి రాకపోకలే ప్రమాణం. అక్కడ చుట్టూ ఉన్నది ప్రవాహం కాదు, సరస్సు.

ఈ నడిమి స్థితి రెవెన్యూ లెక్కలో ఇమడదు. నేలయితే పట్టా కావాలి, ఏరయితే పోరంబోకు కావాలి. అమరావతి భూసమీకరణలో ఈ చిక్కు బయటపడింది. పట్టా రైతులకు ఇవ్వజూపినంత స్థలం నది అంచున లంక భూములు సాగుచేసుకొనేవారికి ఇవ్వజూపలేదు. వారు సమాన పరిహారం కోసం అడగవలసివచ్చింది. ప్రకాశం బ్యారేజీకి ఎగువన, అదే నదిలో ఉన్న మరొక మేట మాత్రం పర్యాటకులకు 'భవానీ ద్వీపం'. విహారానికైతే ద్వీపం, సేద్యానికైతే లంక! ఈ పంపకం కేవలం యాదృచ్ఛికమని సరిపెట్టుకోవడం కష్టం.

విజయవాడలో బ్యారేజీ దిగువనున్న కృష్ణలంక నేడు ఇళ్లతో కిక్కిరిసిన పేట. కొత్తగా వచ్చినవారికి అది పేరు మాత్రమే. 2009 అక్టోబరులో బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద ఆ పేరుకు అర్థం గుర్తుచేసింది. తరువాత ఒడ్డున రక్షణగోడ కట్టారు. 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు ఆ గోడ కృష్ణలంకను కాచింది. అదే రోజుల్లో నగరంలో ఎక్కువ ప్రాంతాన్ని ముంచింది కృష్ణ కాదు, కొల్లేటికి పారే బుడమేరు. రోజుల తరబడి నీళ్లలో నానిన సింగ్‌నగర్ పేరులో ఏటి ఊసే లేదు.