హనుక్కా కానుక: ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి?

అమెరికాలో చాలా యూదు కుటుంబాల పిల్లలకు హనుక్కా ఎనిమిది రాత్రులూ కానుకలు అందుతాయి. క్రిస్మస్‌ను చూసి వచ్చిన అలవాటని దీన్ని కొందరు తేలిగ్గా తీసేస్తారు. అందులో నిజం కొంతే ఉంది. ఈ పండుగలో పంచుకునే గుణం కానుకల కంటే పాతది.

సెల్యూసిడ్ రాజు నాలుగో ఆంటియోకస్ అపవిత్రం చేయించిన యెరూషలేము దేవాలయాన్ని క్రీ.పూ. 164లో యూదా మక్కబీ, అతని అనుచరులు శుద్ధి చేసి తిరిగి ప్రతిష్ఠించారు. హనుక్కా ఆ విజయోత్సవమే. ఒక్కరోజుకు సరిపడే నూనె ఎనిమిది రోజులు వెలిగిన కథ తర్వాతి కాలపు యూదు ధర్మగ్రంథం తాల్ముద్‌లోది. హనుక్కాకు కానుకలివ్వాలని ప్రాచీన గ్రంథాలేవీ విధించలేదు. ఒకరికొకరు వంటకాలు పంపుకోవడం, పేదలకు దానమివ్వడం పురీం పండుగ విధులు. ఎస్తేరు గ్రంథమే వాటిని విధించింది.

హనుక్కాకు ఉన్న విధి దీపం. 12వ శతాబ్దంలో ఈజిప్టులో జీవించిన యూదు పండితుడు మైమోనిడీస్ తన ధర్మశాస్త్రంలో ఆ విధిని గట్టిగా చెప్పాడు: దానం మీద బతికేవాడైనా సరే, అడిగో, ఒంటి మీది బట్ట అమ్మో నూనె కొని దీపం పెట్టాలి. పైకి చూస్తే ఇది పేదవాడి మీద మోపిన బరువు. కానీ అతను అడగాలంటే ఇచ్చేవాళ్లుండాలి కదా! ఆ బాధ్యత ఊరిదైంది. తాల్ముద్ ఇంకో నియమం పెట్టింది: హనుక్కా దీపం వెలుగులో డబ్బు లెక్కపెట్టుకోకూడదు. ఆ వెలుగు సొంత పనులకు కాదు.

17వ శతాబ్దపు పోలండ్ పండితుడు అబ్రహాం గొంబినర్ తన వ్యాఖ్యానంలో ఒక ఆచారాన్ని నమోదు చేశాడు. హనుక్కా రోజుల్లో పేదపిల్లలు డబ్బు అడుగుతూ ఇంటింటికీ తిరిగేవారు. తూర్పు ఐరోపాలో మతపాఠాలు చెప్పే పంతుళ్ల రాబడి అంతంతమాత్రం. పండుగనాడు తల్లిదండ్రులు పిల్లల చేతికి నాణేలిచ్చి పంతులుగారికి పంపేవారు. రానురాను పిల్లలకూ విడిగా కొన్ని నాణేలు దక్కాయి. అక్కడి యూదుల భాష యిద్దిష్‌లో దాన్నే హనుక్కా గెల్ట్ అన్నారు, అంటే హనుక్కా డబ్బు. హనుక్కాలో ఆడే బొంగరం ఆటలో పందెం కాసేదీ ఈ నాణేలనే. యిద్దిష్ రచయిత షోలెం అలైఖెం ఈ హనుక్కా డబ్బు మీద ఒక కథే రాశాడు.

ఉత్తర ఆఫ్రికాలో ఆచారం మరో దారి పట్టింది. ట్యునీషియా, లిబియా యూదులు హనుక్కా చివరి రోజుల్లో వచ్చే నెల పాడ్యమిని ఆడపిల్లల పండుగగా జరుపుకున్నారు. తల్లులు కూతుళ్లకు, పెళ్లి కుదిరిన అబ్బాయి కాబోయే భార్యకు కానుకలిచ్చేవారు. శత్రు సేనానిని హతమార్చిన జూడిత్‌ను ఆ వేళ తలచుకునేవారు.

అమెరికాలో 1870లో క్రిస్మస్ ఫెడరల్ సెలవుదినమైంది. చుట్టూ జరిగే సంబరాలు చూసి తమ పిల్లలు చిన్నబుచ్చుకోకూడదని సిన్సినాటి రబ్బీలు ఐజాక్ మేయర్ వైజ్, మాక్స్ లిలియెంతాల్ పిల్లల కోసం హనుక్కా వేడుకలను ప్రోత్సహించారు. 20వ శతాబ్దం మొదట్లో యిద్దిష్ పత్రికల్లో కానుకల ప్రకటనలు వెల్లువెత్తాయి. 1920లలో మిఠాయి కంపెనీలు బంగారు, వెండి రంగు రేకు చుట్టిన చాక్లెట్ నాణేలు తెచ్చాయి. పంతులికి చేరాల్సిన నాణెం పిల్లల నోట కరిగే తీపి అయింది. 1958లో ఇజ్రాయెల్ బ్యాంకు హనుక్కా కోసమే ప్రత్యేక నాణెం విడుదల చేసింది.

ఇన్ని మలుపుల్లోనూ మారుతూ వచ్చింది పుచ్చుకునే చెయ్యే: పేదపిల్లలు, పంతులు, కూతురు, సొంత పిల్లలు. కానుక సొంత ఇంటి గడప దాటకపోతే మాత్రం పండుగ చిన్నదైపోతుంది. ఈ సంగతి గ్రహించిన కొన్ని కుటుంబాలు ఇప్పుడు ఎనిమిది రాత్రుల్లో ఒకదాన్ని అవసరంలో ఉన్నవాళ్లకు కేటాయిస్తున్నాయి. ఆ రాత్రి పిల్లలు పుచ్చుకోరు, ఇస్తారు. దీన్ని కొత్త పోకడ అనడం సరికాదు. దీపానికి నూనె లేనివాడు తలుపు తట్టినప్పుడు ఇచ్చి తీరాలన్న పాత ధర్మాన్నే వాళ్లు పిల్లలకు నేర్పుతున్నారు. హనుక్కా కానుకకు ఇంతకు మించిన సమర్థన అక్కర్లేదు.