పగడాలు కట్టిన నేల

పగడం అంటే మనకు ఉంగరంలో పొదిగే ఎర్రరాయి, నల్లపూసల మధ్య గుచ్చుకునే పూస. నిజానికి అది రాయి కాదు, సముద్రంలో బతికే ఒక చిన్న ప్రాణి కట్టుకున్న గూడు. ఆ ప్రాణికి దూరపు చుట్టాలైన మరికొన్ని పగడపు జీవులు మనుషులు కాపురముండే నేలనే కట్టాయి. హిందూ మహాసముద్రం మధ్యలో ఆస్ట్రేలియా పాలనలో ఉన్న కోకోస్ కీలింగ్ దీవులు అలాంటివే.

ఇవి పెర్త్ నగరానికి వాయవ్యంగా దాదాపు 2,950 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. మొత్తం 27 దీవులు. అన్నీ కలిపినా 14 చదరపు కిలోమీటర్లే. అందులో మనుషులుండేవి రెండే, జనాభా సుమారు 600. కొండ లేదు, ఏరు లేదు. నేల చాలాచోట్ల సముద్రానికి కొద్ది మీటర్ల ఎత్తుకు మించదు. దక్షిణాన ఉన్న దీవులు గొలుసులా వంగి నిలిస్తే, మధ్యలో లోతు తక్కువ నీలాల మడుగు. ఉత్తరాన 24 కిలోమీటర్ల అవతల నార్త్ కీలింగ్ ఒంటరిగా, సముద్రపక్షులకు నెలవుగా ఉంది.

1836 ఏప్రిల్‌లో బీగిల్ ఓడ మీద చార్లెస్ డార్విన్ ఇక్కడికి వచ్చాడు. నడిసముద్రంలో ఈ ఉంగరం ఆకారం ఎలా వచ్చిందన్నది అప్పట్లో పెద్ద ప్రశ్న. డార్విన్ జవాబు ఇది: ఒకప్పుడు ఇక్కడ అగ్నిపర్వతం ఉండేది, దాని ఒడ్డు చుట్టూ పగడాలు పెరిగాయి. పర్వతం మెల్లగా కుంగిపోతూ ఉంటే, వెలుతురు కోసం పగడాలు పైకి పైకి కట్టుకుంటూ వచ్చాయి. చివరికి పర్వతం మునిగిపోయి కంకణం మిగిలింది. ఈ ఊహ అతనికి పగడపు దిబ్బను కళ్ళతో చూడకముందే, దక్షిణ అమెరికా తీరంలోనే తట్టింది. 1842లో పుస్తకం వేశాడు. సరిగ్గా 110 ఏళ్ళకు, పసిఫిక్‌లోని ఎనివెటాక్ దీవిలో బోరు వేస్తే 1,200 మీటర్లకు పైగా సున్నపురాయి, దాని కింద అగ్నిశిల తగిలాయి.

మన కోనసీమ నేల గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. ఇక్కడ తెచ్చి పోయడానికి నది లేదు. పగడం విరిగి ముక్కై, ఇసుకై, అల వేసిన చోట కుప్పబడిందే నేల. ఏటా రెండు మీటర్ల దాకా కురిసే వాన ఆ ఇసుకలోకి ఇంకి, కిందనున్న ఉప్పునీటి మీద పలుచని మంచినీటి పొరగా తేలుతుంది. ఆ పొరే ఊరి బావి. కోనసీమకూ దీనికీ పోలిక ఒక్కటే: కొబ్బరి. డార్విన్‌కు కొబ్బరి కాక దొరికిన మొక్కల జాతులు ఇరవై మాత్రమే. కొబ్బరికాయ ఒలిచి తినే పెద్ద పీతను కూడా అతను వర్ణించాడు.

ఆ కొబ్బరే ఇక్కడి మనుషుల కథ కూడా. 1826లో అలెగ్జాండర్ హేర్ అనే ఆంగ్లేయ వ్యాపారి మలయ్ జనాన్ని వెంటబెట్టుకొచ్చాడు. మరుసటి ఏడు జాన్ క్లూనీస్ రాస్ అనే స్కాట్లాండ్ నావికుడు కుటుంబంతో దిగాడు. హేర్ వెళ్ళిపోయాక దీవులు రాస్ కుటుంబం చేతిలోనే ఉండిపోయాయి. 1857లో బ్రిటన్ జెండా ఎగరేసింది. అండమాన్‌కు ఉత్తరాన ఉన్న కోకో దీవులనుకుని పొరపాటున ఇక్కడ ఎగరేశారని చెబుతారు! 1886లో విక్టోరియా రాణి ఈ దీవులను రాస్ వంశానికి శాశ్వతంగా రాసిచ్చింది. కూలి డబ్బు పేరు రూపాయి. అయితే అది ఎస్టేటు అచ్చువేసిన బిళ్ళ, ఎస్టేటు కొట్లో తప్ప ఎక్కడా చెల్లదు. మలయ్‌లు పేరుకు స్వతంత్రులే అయినా చాలా విషయాల్లో బానిసల్లాగే ఉన్నారని డార్విన్ అప్పుడే గమనించాడు.

మద్రాసు జ్ఞాపకాలున్న ఇళ్ళలో ఎమ్డెన్ పేరు వినే ఉంటారు. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు మీద గుళ్ళు కురిపించి, చమురు ట్యాంకులు తగలబెట్టి, జనాన్ని ఊరు విడిచి పారిపోయేలా చేసిన జర్మన్ ఓడ. తమిళంలో గడుసువాణ్ణి ఇప్పటికీ ఆ పేరుతో పిలుస్తారు. ఆ ఓడ కథ ముగిసింది ఇక్కడే. నవంబరు 9న ఈ దీవుల్లోని తంతి కేంద్రాన్ని ధ్వంసం చేయడానికి వస్తే, అక్కడి ఉద్యోగులు ముందే వార్త పంపేశారు. ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ వచ్చి కొట్టిన దెబ్బకు ఎమ్డెన్ నార్త్ కీలింగ్ పగడపు దిబ్బకెక్కి ఆగిపోయింది.

1955లో దీవులు ఆస్ట్రేలియాకు వచ్చాయి. 1978లో ప్రభుత్వం 62.5 లక్షల డాలర్లిచ్చి రాస్ కుటుంబం నుంచి భూమి కొనేసింది. 1984 ఏప్రిల్ 6న, ఐక్యరాజ్యసమితి పరిశీలకుల ఎదుట, మలయ్ కుటుంబాలు మొదటిసారి తమ భవిష్యత్తు గురించి ఓటు వేశాయి. స్వతంత్ర దేశానికి 9, ఆస్ట్రేలియాతో స్వేచ్ఛా సంబంధానికి 21, ఆస్ట్రేలియాలో విలీనానికి 229. ఓట్లు కొన్ని వందలే కావచ్చు. కానీ అంతకుముందు నూటయాభై ఏళ్ళకు పైగా వాళ్ళను ఎవరూ ఏమీ అడగలేదు.

ఇప్పుడు సముద్రమట్టం పెరుగుతోంది. అల దాటి వచ్చిన ఉప్పు ఆ పలుచని మంచినీటి పొరలో కలిస్తే బావి పోతుంది. నీళ్ళు మరీ వేడెక్కితే పగడం తెల్లబడి చచ్చిపోతుంది. అది చస్తే కొత్త ఇసుక పుట్టదు. భవిష్యత్తులో ఇళ్ళు ఖాళీ చేసి తరలిపోవలసి రావచ్చన్న మాట ప్రభుత్వ ప్రణాళికల దాకా వచ్చింది. కాగితం మీద ఈ నేలకు రాణి, రాస్ వంశం, ప్రభుత్వం, ఇలా యజమానులు మారుతూనే వచ్చారు. దాన్ని కట్టింది పగడం, దాని మీద కొబ్బరి ఒలిచి పిల్లల్ని పెంచింది మలయ్ కుటుంబాలు. 1984లో అడిగినట్టే, ఇప్పుడు కూడా ముందుగా అడగవలసింది వాళ్ళనే.