ఇప్పసారా: అడవి ఎరిగిన రసాయనం

ఆదిలాబాద్ గోండుల ఇప్పసారాకు విజ్ఞాన చరిత్రలో చోటుండాలి. ఎండిన ఇప్పపువ్వులో చక్కెరలు మెండు. నానబెడితే ఈస్టు వాటిని ఇథనాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. ఇథనాల్ 78 డిగ్రీల సెల్సియస్ వద్దే మరుగుతుంది; కుండలో కాచి ఆవిరిని చల్లార్చితే సారా దిగుతుంది. పూజల్లో దేవుళ్లకు ధారపోసేదీ అదే. 1940లో, నిజాంపై తిరగబడిన గోండు నాయకుడు కుమ్రం భీం నేలకొరిగాక, నిజాం ప్రభుత్వం పంపగా వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ఈ గోండుల జీవితాన్ని గ్రంథస్థం చేశాడు. ఆబ్కారీ శాఖ లెక్కలో మాత్రం ఆ సారా రాబడికి గండి.

సారా ఒళ్లు గుల్ల చేయదా అంటారు. చేస్తుంది; కాలేయంలో ఇథనాల్ మొదట అసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది. కానీ లైసెన్సు దుకాణపు సీసాలోని ఇథనాల్‌కూ అదే చర్య. ఇప్పసారాపై నిషేధానికి ఆరోగ్యమే కారణమైతే హెచ్చరిక రెండింటికీ ఉండాలి. ఒకరికి లైసెన్సు, మరొకరికి కేసు అన్నది ఖజానా న్యాయమే.