ఓపెన్ ఇంటర్‌లో వాణిజ్య విద్య (మద్దిలపాలెం)

రోజూ కాలేజీకి వెళ్లే వీలులేనివారు పదో తరగతి తర్వాత వాణిజ్యశాస్త్రం చదువుకునే సార్వత్రిక మార్గం ఇది. 1991లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం 2010-11లో ఇంటర్మీడియట్ కోర్సును ప్రారంభించింది. కేంద్ర ప్రభుత్వ స్థాయిలో 1989లో వచ్చిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ కూడా ఇదే దశ చదువును అందిస్తోంది.

కనీస వయసు 15 ఏళ్లు. గరిష్ఠ పరిమితి లేదు. ఒకసారి చేరితే అయిదేళ్ల గడువు ఉంటుంది. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయాల్సిన పనిలేదు, నెగ్గినవి లెక్కలోనే ఉంటాయి. పగలు దుకాణంలోనో పోర్టు పనుల్లోనో ఉండేవారికి అసలైన వెసులుబాటు ఇదే. తరగతులు సెలవు రోజుల్లో అధ్యయన కేంద్రాల్లో జరుగుతాయి.

పుస్తకంతో ఒంటరిగా కుస్తీ పట్టేవారిని ఎక్కువగా ఇబ్బందిపెట్టేది అకౌంటెన్సీ. వ్యాపార సంస్థల రకాలు, బ్యాంకింగ్, బీమా వంటి పాఠాలు చదివితే అర్థమవుతాయి. చిట్టా రాసి, ఆవర్జాలోకి ఎక్కించి, అంకణా తేల్చి, ముగింపు లెక్కలు కట్టడం మాత్రం చేతితో చేస్తేనే పట్టుబడుతుంది. డెబిట్, క్రెడిట్ సూత్రాలు మొదటే స్థిరపడకపోతే ఆ తప్పు చివరి లెక్క దాకా వెంటాడుతుంది. అందుకే సెలవు రోజు తరగతులను వదులుకోకూడదు.

విశాఖపట్నంలోని మద్దిలపాలెం పక్కనే ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1972 నుంచి దూరవిద్య నడుస్తోంది. ఇంటర్ ముగించినవారు అక్కడ అదే పద్ధతిలో బీకాం చేయవచ్చు.