బడి గంట ఏ కార్తెలో మోగాలి?

ఏప్రిల్ 23, జూన్ 12. తెలుగునాట సర్కారు బడి పంతులును నిద్రలో లేపి అడిగినా ఈ రెండు తేదీలు చెబుతాడు. మొదటిది చివరి పనిదినం, రెండోది బడి తెరిచే రోజు. మధ్యలో 49 రోజుల వేసవి సెలవులు. పన్నెండో తేదీ ఆదివారమైతే పదమూడున తెరుస్తాం. పాలమూరు జిల్లాలో పాతికేళ్లకు పైగా నేను ఈ తేదీల మధ్యే బతికాను. జూన్ 12 పొద్దున తాళం తీస్తే గదిలోంచి వేడి గాలి ముఖానికి కొట్టేది. నల్లబల్ల కింద చెదల బాట, కిటికీలో ఉడత గూడు, బీరువాలో వంకర తిరిగిన చాక్‌పీసు డబ్బా. హాజరు పట్టీలో పేర్లన్నీ ఉండేవి, పిల్లలు మాత్రం సగం కూడా ఉండేవారు కాదు. వాళ్లెందుకు రాలేదని అడగడం మానేసి, ఈ తేదీ ఎక్కడి నుంచి వచ్చిందని అడగడం నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

మన పాత వీధి బడికి తెరిచే రోజంటూ ఒకటి లేదు. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ తన జిల్లా బడుల మీద రాసిన నివేదిక నేటికీ చదవదగినది. అప్పటి బళ్లారి జిల్లాలో 533 బడులుంటే వాటిలో 226 తెలుగు బడులు. పిల్లవాడికి ఐదో ఏడు రాగానే మంచిరోజు చూసి, వినాయకుడికి పూజ చేయించి, పంతులు వాడి వేలు పట్టుకుని బియ్యంలో అక్షరాలు దిద్దించేవాడు. ఆ పిల్లవాడి విద్యా సంవత్సరం ఆ రోజే మొదలు. పక్కింటి పిల్లవాడిది మరో రోజు. పొద్దున ఆరింటికే బడి. అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు, రెండోవాడికి సున్నా చుట్టేవారు, మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి ఎక్కువ. ఆలస్యానికి శిక్ష ఉండేది గానీ అది ఆ పూట ఆలస్యానికే. ఆషాఢంలో చేరావా, మాఘంలో చేరావా అని అడిగినవాడు లేడు. తరగతి అనేదే లేనప్పుడు తరగతి మొదలయ్యే తేదీ ఎక్కడిది? పాడ్యమికి పాఠం లేదు, అమావాస్యకు బడి లేదు. దసరాకు పిల్లలు విల్లంబులు పట్టుకుని ఇంటింటికీ తిరిగితే పంతులుకు నాలుగు డబ్బులు, పిల్లలకు పప్పుబెల్లాలు దొరికేవి. ఆ బడిలో ఏటేటా తప్పకుండా వచ్చిన గుర్తంటూ ఉంటే బహుశా ఆ దసరాయే. దాన్ని స్వర్ణయుగమని నేననను. ఆడపిల్లలకూ అంటరానివారన్న పిల్లలకూ ఆ అరుగు మీద చోటు దాదాపు లేదు. కాలాన్ని మాత్రం ఆ బడి పిల్లవాడి వయసు నుంచి లెక్కించింది.

లెక్క మార్చింది పరీక్ష. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక మెట్రిక్యులేషన్ గడప దాటనిదే కొలువు లేదు, కాలేజీ లేదు. ఆ పరీక్ష ఏ నెలలో జరిగితే చదువు దానికి తగ్గట్టు వెనక్కి సర్దుకోవాల్సిందే. గణిత మేధావి రామానుజన్ మెట్రిక్యులేషన్ రాసింది 1903 డిసెంబరులో. మరుసటి ఏడాది మొదట్లోనే కుంభకోణం కాలేజీలో చేరాడు. అంటే కోస్తా, రాయలసీమ కూడా భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో చదువుల చక్రం జనవరి నుంచి డిసెంబరు దాకా తిరిగింది. సంక్రాంతి ముంగిట కొత్త తరగతి అంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. 1911 ప్రాంతంలో మెట్రిక్యులేషన్ స్థానంలో ఎస్‌ఎస్‌ఎల్‌సీ వచ్చింది. పరీక్షలు వేసవి ముంగిటికి, కొత్త తరగతులు వేసవి అవతలికి జరిగాయి. అలా వచ్చిపడ్డదే మన జూన్.

అప్పటికే ఒక మంచి సలహా కాగితాల మీద ఉంది. 1882 నాటి హంటర్ విద్యా కమిషన్, పల్లె బడుల వేళలూ సెలవులూ అక్కడి సాగు పనులను బట్టి ఉండాలని చెప్పింది. నూట ఇరవై ఏళ్లకు పైగా గడిచాక 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా బడి క్యాలెండరును జిల్లా స్థాయిలో తయారు చేసుకోవచ్చని చెప్పింది. రెండింటి మధ్య బోలెడు ప్రభుత్వాలు మారాయి, తేదీ మాత్రం రాజధాని చేతిలోనే ఉండిపోయింది. నిజాం రాజ్యంలో సర్కారు లెక్కలు నడిచిన సంవత్సరానికి ఫసలీ అని పేరు. ఫసల్ అంటే పంట. శిస్తు వసూలుకు పంటను గుర్తుపెట్టుకున్న సర్కారు, చదువు దగ్గరికొచ్చేసరికి మరిచిపోయింది.

నిజానికి జూన్ రెండో వారం చెడ్డ ఎంపికేమీ కాదు. రోహిణి కార్తె రోళ్లు పగలగొట్టి వెళ్లాక, జూన్ ఏడో ఎనిమిదో తేదీన మృగశిర వస్తుంది. నైరుతి రుతుపవనాలు మామూలుగా అటూ ఇటూగా అప్పటికే మన నేలను తాకుతాయి. మొదటి వాన పడి రేకుల కప్పు చల్లబడ్డాక పిల్లలు కూర్చునే వీలు చిక్కుతుంది. ఎవరు ఏ లెక్కతో నిర్ణయించినా, ఆ తేదీ ఇన్నేళ్లు నిలిచింది వానను నమ్ముకునే.

దాన్ని కదిపి చూసిన ప్రయత్నం తెలంగాణలో 2016లో జరిగింది. పరీక్షలు అవగానే మార్చి 21న కొత్త విద్యా సంవత్సరం మొదలుపెట్టారు. కేంద్ర బోర్డు బడులు ఏప్రిల్ 1కే మొదలవుతాయి, ప్రైవేటు బడులు అంతకంటే తొందరపడతాయి, మన పిల్లలు వెనకబడకూడదు, సెలవుల్లోకి వెళ్లేలోపే పై తరగతి పుస్తకం చేతిలో పెడితే బడి మానేయరు. ఈ వాదనలో సద్బుద్ధి ఉంది, దాన్ని నేను తీసిపారేయను. కానీ అంతకు ముందటి ఏడాది, 2015 మేలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 2,000 మందికి పైగా చనిపోయారు. 2016 ఎండలూ కరవూ ఆ గాయం మీదే వచ్చాయి. ఏప్రిల్ మధ్యలోనే బడులు మూయాల్సి వచ్చింది. కరవు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని ఆ మేలో సుప్రీంకోర్టు ఆదేశించింది. పాఠం ఆగినా కంచం ఆగకూడదన్న ఆ మాట, బడి క్యాలెండరు గురించి మన దేశంలో ఎవరైనా చెప్పినవాటిలో అన్నిటికంటే దయగలదని నా అభిప్రాయం. మా బడిలో ఆ మార్చి చివర కొత్త ఏడో తరగతి వాళ్లు పాత ఏడో తరగతి వాళ్ల చినిగిన పుస్తకాలతో కూర్చున్నారు. ఒంటిపూట బడి అయినా పదకొండు దాటాక వాళ్ల కళ్లు పుస్తకం మీద నిలిచేవి కావు.

మార్చి పద్ధతిని తర్వాత వదిలేశారు. 2018లో జూన్ 1న తెరిచారు. 2019లోనూ అదే అనుకుని, ఎండకు జడిసి జూన్ 12కు జరిపారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో జూన్ 12న తెరిచి ఒంటిపూట నడిపారు, అయినా వేడి తగ్గక ఒంటిపూటను జూన్ 24 దాకా పొడిగించారు. ఇక కరోనా ఏళ్లలో ఏ తేదీ మిగల్లేదు. 2021లో ఆంధ్రలో ఆగస్టు 16న, తెలంగాణలో సెప్టెంబరు 1న బడులు తెరిచారు. 2022లో ఆంధ్ర బడులు జూలై 5న మొదలయ్యాయి. ఆకాశమేమీ విరిగి పడలేదు. కదపలేమనుకున్న తేదీ కదులుతుందని ఆ మూడేళ్లు చూపించాయి.

ఒక్కో చోట ఒక్కో శక్తి ఈ తేదీని లాగుతుంది. అమెరికాలోని వర్జీనియాలో 1986 చట్టం, సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే కార్మిక దినోత్సవానికి ముందు బడులు తెరవకూడదంది. దాని వెనక పర్యాటక వ్యాపారం ఉందని అందరికీ తెలుసు, అక్కడి వినోద పార్కు పేరుతోనే ఆ చట్టాన్ని పిలిచేవారు. 2019లో దాన్ని సడలించారు. కేరళలో బాధ ఎండ కాదు, వాన. అక్కడి విద్యాశాఖ మంత్రి శివన్‌కుట్టి 2025లో, వేసవి సెలవులను ఏప్రిల్, మే నుంచి జూన్, జూలైకి మార్చుదామా అని జనాన్నే అడిగారు. జవాబు ఏదైనా, ఆ ప్రశ్నను బహిరంగంగా అడగడం నాకు నచ్చింది. మన దగ్గర ఉత్తర్వు వస్తుంది, ప్రశ్న రాదు.

ఎండ గురించి అందరూ మాట్లాడతారు. మృగశిర అంటే విత్తు కార్తె అని మాత్రం క్యాలెండరు రాసేవారికి గుర్తుండదు. పాలమూరు ఎర్ర చెలకల్లో తొలకరి పడ్డ మర్నాడే పత్తి గింజ పెట్టాలి. సాలు వెంట వంగి, జానెడు జానెడుకు గింజ వేసి, కాలి బొటనవేలితో మన్ను కప్పుకుంటూ పోవాలి. కూలి దొరకని ఇంట్లో ఆ పని ఎనిమిదో తరగతి పిల్లదే. మా బడిలో ఒక పిల్లవాడు ఏటా జూన్ ఆఖరికి వచ్చేవాడు. ఒకసారి గట్టిగా కోప్పడితే, గోళ్లలో మన్ను ఇంకా పోని చేతులు వెనక్కి పెట్టుకుని, "ఇత్తనాలు పెట్టినంక అస్తనని చెప్పిన గద సార్" అన్నాడు. నిజమే, ఏప్రిల్‌లో వెళ్లేముందు చెప్పాడు. నేనే వినలేదు. వాడు వచ్చేసరికి లెక్కల్లో మొదటి అధ్యాయం అయిపోయేది, ఏడాదంతా వాడు దాని వెనకే పరిగెత్తేవాడు.

వానాకాలం నడుమ ఇంకో గండం ఉంది. గద్వాల, నంద్యాల వైపు విత్తన పత్తి చేలల్లో సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దాలి. దానికి చిన్న వేళ్లు కావాలంటారు, ముఖ్యంగా ఆడపిల్లల వేళ్లు. దీనికి తేదీ మార్చడం మందు కాదు. పిల్లల్ని పనిలోంచి తీయాల్సిందే. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి శిబిరాలు పెట్టి వేలమందిని అలా బడికి తెచ్చి చూపించింది. విత్తు పనికోసం బడి వాయిదా వేయమంటే బాలకార్మికతకు సెలవు చీటీ ఇచ్చినట్టేనని కొందరు మిత్రులు నాతో వాదిస్తారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. పరాయి చేలో సీజనంతా కూలి, సొంత చెలకలో అమ్మానాన్నలతో వారం రోజుల సాలు ఒకటి కావని నేనంటాను. ఆ వారం పాఠం మొదలుపెట్టకుండా ఆగితే పిల్లవాడు వెనకబడడు. ఆగకపోతే వాడు ఎటూ రాడు, పైగా పోగొట్టుకుంటాడు.

అన్ని జిల్లాలకూ ఒకే తేదీ నప్పదు. రామగుండంలో జూన్ రెండో వారం ఇంకా నిప్పులు కురుస్తుంటాయి. పాడేరు కొండల్లో వానలు ముదిరితే గెడ్డలు పొంగి పిల్లలు బడికి దాటలేరు, అక్కడ వేసవిలోనే నాలుగు రోజులు ముందు తెరుచుకోవడం మేలు. విద్యాహక్కు చట్టం అడిగేది ఒకటి నుంచి ఐదు తరగతులకు 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిదికి 220. అవి ఏ తేదీన మొదలవ్వాలో అది చెప్పదు. ప్రతి మండలంలో వర్షపాతం లెక్క రాస్తున్నారు. ప్రతి బడిలో పాత హాజరు పట్టీలు బీరువాలో పడి ఉన్నాయి. పదేళ్ల జూన్ నెలవి ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని, ప్రధానోపాధ్యాయులూ తల్లిదండ్రులూ మార్చిలో ఒక పూట కూర్చుంటే తమ జిల్లాకు ఏ వారం నప్పుతుందో చెప్పగలరు. ఆ పట్టీల్లో జూన్ పుటలు తెరిచి చూస్తే, ఎక్కువ గైర్హాజరు ఏ తేదీ దాకా ఉందో, ఏ రోజు నుంచి గదులు నిండాయో, సిరా వెలిసినా ఇంకా కనిపిస్తూనే ఉంది.