ఆంథీరియా: దసలి పట్టు పురుగుల ప్రజాతి

సాటర్నిడే కుటుంబానికి చెందిన ఆంథీరియా, రాత్రిపూట తిరిగే పెద్ద రెక్కల పురుగుల ప్రజాతి. దసలి పట్టు, ముగా పట్టు దీని చలవే. పేరు పెట్టినది జర్మన్ కీటక శాస్త్రవేత్త యాకోబ్ హ్యూబ్నర్. ఆయన గ్రంథం 1816 నుంచి విడివిడి భాగాలుగా వచ్చింది కనుక కొన్ని జాబితాల్లో ఆ సంవత్సరమే కనిపిస్తుంది. ఈ ప్రజాతి విషయంలో 1819 అన్నదే ఎక్కువమందికి సమ్మతం.

దసలి పురుగు పేరు దగ్గర మాత్రం చిక్కు తెగలేదు. పాత పట్టు పుస్తకాలు దీన్ని, 1758 నాటి లినేయస్ పేరును అనుసరించి, ఆంథీరియా పేఫియా అన్నాయి. ఆ పేరు అసలు ఏ పురుగుకు చెందాలన్నదే వాదం. ప్రజాతికి ప్రామాణిక జాతి కూడా అయిన డ్రూరీ 1773 నాటి మైలిట్టాయే నేడు వాడుకలో నిలిచింది, వాడటానికి క్షేమమైనదీ అదే.

మైలిట్టా పురుగు మద్ది కొమ్మకు ముందు పట్టుతో ఒక గట్టి ఉంగరం చుడుతుంది. దాని నుంచి సన్నని కాడ దించి, ఆ కాడకు కోడిగుడ్డు ఆకారంలో గూడు అల్లుతుంది. ఆకు రాలినా గూడు రాలదు. గూటిని చీల్చుకుని వచ్చే తల్లి పురుగు ఏమీ తినదు. దాని నాలుగు రెక్కల మీదా అద్దంలాంటి గుండ్రని మచ్చ ఒక్కొక్కటి ఉంటుంది. ఒక్కో అడవిలో ఒక్కో రకంగా స్థిరపడిన ఈ జాతిలో, గోదావరి తీరాన చెన్నూరు, మహదేవ్‌పూర్ అడవుల రకానికి ‘ఆంధ్ర లోకల్’ అని పేరు.

పాత పుస్తకాలు ఈ ప్రజాతికి 35 జాతుల వరకే చెబితే, ఆగ్నేయాసియా దీవుల పరిశోధనల తర్వాత ఆ లెక్క రెట్టింపు దాటింది. క్రోమోజోములు చూస్తే ఈ వైవిధ్యం ఇంకా బాగా తెలుస్తుంది: అస్సాం ముగాకు 15 జతలు, దసలికి 31, చైనా పెర్నీకి 49. ముగాను ఆంథీరియాప్సిస్ అనే ఉపప్రజాతిలో వేరుగా పెట్టడం ఈ తేడాతో చక్కగా పొసగుతుంది. పెర్నీని హిమాలయ ప్రాంతపు రాయ్లీతో కలిపి భారత శాస్త్రవేత్తలు ప్రొయ్లీ అనే సంకరాన్ని సాధించారు. పెర్నీ, రాయ్లీల క్రోమోజోముల సంఖ్యలో తేడా ఉన్నా ఆ సంకరానికి సంతానం కలగడం, ఆ రెండూ దగ్గరి చుట్టాలేనని చూపుతుంది.

ప్రజాతి విస్తరణ భారత్, చైనా, జపాన్‌ల నుంచి మొలక్కాస్ దాకా. ఆస్ట్రేలియా యూకలిప్టస్ జాతులను ఒకప్పుడు ఇందులోనే కలిపేవారు, ఇప్పుడు ఒపోడిఫ్తెరాలోకి మార్చారు. అమెరికా పాలిఫీమస్‌ది మాత్రం ఎదురు దారి. అది టీలియా నుంచి ఆంథీరియాలోకి వచ్చి చేరింది.

జపాన్ ఓక్ పురుగు యమమాయిని 1860లలో పట్టు కోసం ఐరోపాకు తెచ్చారు. ఇప్పటి స్లొవేనియా ప్రాంతంలో పెంపకం నుంచి తప్పించుకున్నవే బాల్కన్ ఓక్ అడవుల్లో స్థిరపడ్డాయని ఎక్కువమంది చెబుతారు.